పింగ్ పోకపోతే చాలదు: లినక్స్ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌ల నుంచి సమాచారం జారే దారులు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒకే లినక్స్ సర్వరు మీద వేర్వేరు ఖాతాదారుల డేటాను వేర్వేరు డాకర్ కంటైనర్లలో (ప్రోగ్రామును మిగతావాటి నుంచి విడిగా నడిపే పెట్టెలలో) ప్రాసెస్ చేస్తున్నారు. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో ఇంటర్నల్ నెట్‌వర్క్, అంటే బయటికి దారి లేని నెట్‌వర్క్, కేటాయించారు. లోపలి నుంచి బయటి చిరునామాలకు పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తుందో చూసే చిన్న పరీక్ష) పోవడం లేదు, ఒక ఖాతాదారు కంటైనర్ నుంచి మరొకరి కంటైనర్‌కు కనెక్షన్ కుదరడం లేదు. ఆడిటర్ మాత్రం సమాచారం బయటికి పోదని ఎలా రుజువు చేస్తారని అడిగారు. ఈ పింగ్ ఫలితాలు చూపిస్తే సరిపోతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. మీ ఇంజినీర్లు వాడే వీపీఎన్‌కు కూడా నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (ఒక్కో కంటైనర్‌కు విడి నెట్‌వర్క్ ఉన్నట్టు చూపించే లినక్స్ విభజన) వల్ల ప్రయోజనం ఉంటుందా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: సరిపోదు. పింగ్ పోలేదంటే ఆ నేమ్‌స్పేస్‌లోని రూటింగ్ పట్టికలో బయటికి దారి లేదనో, ఉన్నా ఫైర్‌వాల్ ఆపిందనో మాత్రమే తెలుస్తుంది. ఆడిటర్ అడుగుతున్నది సమాచారం గురించి. లినక్స్ నెట్‌వర్క్ విభజనలో ఇంతవరకు బయటపడ్డ లోపాలను దగ్గర పెట్టుకుని చూస్తే, చాలావాటిలో కంటైనర్ తన ప్యాకెట్‌ను తానుగా హద్దు దాటించలేదు. దాని తరఫున హద్దుకు అవతల ఉన్న మరో ప్రోగ్రాము పంపింది, లేదా హద్దుకు రెండు వైపులవారూ ఒకే అంకెను చదవగలిగారు, లేదా విడిపోయిందని అందరూ అనుకున్నది అసలు విడిపోనేలేదు. మీరు పరీక్షించవలసినవి ఈ మూడు.

నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అంటే ఏమిటో ముందు కచ్చితంగా చెప్పుకోవాలి. 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఇది లినక్స్‌లోకి రావడం మొదలైంది. అంతకుముందు ఇంటర్‌ఫేస్‌ల జాబితా, రూటింగ్ పట్టిక, ఫైర్‌వాల్ నియమాలు, సాకెట్ల పట్టిక యంత్రం మొత్తానికి ఒక్కొక్కటే ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా గ్లోబల్ వేరియబుల్ హోదా నుంచి తప్పించి, నేమ్‌స్పేస్‌కు ఒక ప్రతి చొప్పున ఉండేలా మార్చుకుంటూ వచ్చారు. ఆ పని ఒక విడుదలలో ముగియలేదు, ఇప్పటికీ అక్కడక్కడా సాగుతూనే ఉంది. కాబట్టి నేమ్‌స్పేస్‌ను విడదీసిన పట్టికల జాబితాగా భావించండి. ఆ జాబితాలోకి ఎక్కనిది ఏదైనా ఉమ్మడి ఆస్తే. 2013 ఫిబ్రవరి నాటి 3.8 కెర్నెల్‌తో ఇంకొక మార్పు వచ్చింది. యూజర్ నేమ్‌స్పేస్ సాయంతో మామూలు యూజరు కూడా సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ సృష్టించుకుని అందులో రూట్‌గా (సర్వాధికారాలున్న యూజరుగా) వ్యవహరించగల వీలు కలిగింది. రూట్ తప్ప ఎవరూ తాకరు కదా అని అంతవరకు పట్టించుకోకుండా వదిలేసిన కోడ్ ఆ రోజు నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఇక మీ అమరికకు నేరుగా వర్తించే లోపం: 2024 మార్చిలో ప్రకటించిన సీవీఈ-2024-29018 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే నమోదు సంఖ్య). ఇది డాకర్‌కు మూలమైన మోబీ ప్రాజెక్టులోనిది, సరిగ్గా ఇంటర్నల్ నెట్‌వర్క్‌లకు సంబంధించినది. ఇంటర్నల్ అని సృష్టించిన నెట్‌వర్క్‌లోని కంటైనర్‌కు బయటికి డిఫాల్ట్ దారి ఉండదు, బ్రిడ్జి (ఆ నెట్‌వర్క్‌లోని కంటైనర్లను కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్చి) దాటబోయే ట్రాఫిక్‌ను ఫైర్‌వాల్ నియమాలు కూడా పారేస్తాయి. అయితే ఆ నెట్‌వర్క్‌లోని కంటైనర్లు ఒకదానినొకటి పేరుతో వెతుక్కోవాలి కాబట్టి, ప్రతి కంటైనర్‌కూ 127.0.0.11 అనే చిరునామాలో, పేర్లను చిరునామాలుగా మార్చే ఒక డీఎన్ఎస్ సర్వరు కనిపిస్తుంది. చిరునామా కంటైనర్ లోపలిదే. జవాబు చెప్పేది మాత్రం హోస్ట్ మీద, అంటే కంటైనర్లను మోసే అసలు యంత్రం మీద, వెనక నడుస్తూ ఉండే డాకర్ డీమన్. తన పట్టికలో లేని పేరు అడిగితే డీమన్ ఆ ప్రశ్నను పై సర్వరుకు పంపుతుంది. పై సర్వరు మామూలు చిరునామాలో ఉంటే ఆ ప్రశ్న కంటైనర్ నేమ్‌స్పేస్ నుంచే బయలుదేరుతుంది, అందువల్ల ఇంటర్నల్ నెట్‌వర్క్‌లో దారి దొరకక ఆగిపోతుంది. కానీ ఈనాటి అనేక లినక్స్ పంపిణీలలో హోస్ట్ వాడే డీఎన్ఎస్ సర్వరు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్, దాని చిరునామా 127.0.0.53. లూప్‌బ్యాక్ (127తో మొదలయ్యే, యంత్రం తనతో తాను మాట్లాడుకునే చిరునామాలు) ఏ నేమ్‌స్పేస్‌కు ఆ నేమ్‌స్పేస్‌దే కాబట్టి కంటైనర్ నుంచి చూస్తే ఆ చిరునామాలో ఎవరూ ఉండరు. ఈ పరిస్థితిని డీమన్ గుర్తుపట్టి, ప్రశ్నను హోస్ట్ నేమ్‌స్పేస్ నుంచి పంపేది. మామూలు నెట్‌వర్క్‌లకు అది అవసరమైన సౌకర్యమే. ఇంటర్నల్ నెట్‌వర్క్‌ను దాని నుంచి మినహాయించాలన్న సంగతి మాత్రం జారిపోయింది.

ఫలితం ఎంత దూరం పోతుందో చూడండి. డీఎన్ఎస్ పేరులో చుక్కల మధ్య ఒక్కో భాగం 63 అక్షరాల వరకు ఉండవచ్చు, మొత్తం పేరు 253 అక్షరాల వరకు ఉండవచ్చు. 256 బిట్ల రహస్య తాళాన్ని పదహారు ఆధార సంఖ్యామానంలో రాస్తే 64 అక్షరాలు, అంటే రెండు భాగాలలో పట్టేస్తుంది. దాడిచేసేవాడు ఒక డొమైన్ కొని, దాని అధికారిక నేమ్ సర్వరును తన చేతిలో ఉంచుకుంటే చాలు. కంటైనర్‌లోకి చొరబడ్డ ప్రోగ్రాము ఆ తాళాన్ని ఉపడొమైన్‌గా పెట్టి ఒక్క పేరు అడుగుతుంది. డాకర్ డీమన్ దాన్ని రిజాల్వ్‌డ్‌కు, రిజాల్వ్‌డ్ మీ సంస్థ డీఎన్ఎస్‌కు, అది ఇంటర్నెట్‌కు మర్యాదగా చేరవేస్తాయి. జవాబు రాకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ప్రశ్నలోనే సరుకు వెళ్ళిపోయింది. ఈలోగా మీ పింగ్ పరీక్ష విఫలమవుతూనే ఉంటుంది, అంటే మీ లెక్క ప్రకారం విభజన చక్కగా పనిచేస్తున్నట్టే. 26.0.0 విడుదలతోను, పాత శ్రేణులకు ఇచ్చిన సవరణ విడుదలలతోను ఈ దారిని మూసివేశారు. అప్‌గ్రేడ్ వెంటనే కుదరకపోతే కంటైనర్‌కు పై డీఎన్ఎస్ చిరునామాను లూప్‌బ్యాక్ కానిదిగా విడిగా ఇవ్వాలి. అప్పుడు ప్రశ్న కంటైనర్ నేమ్‌స్పేస్ నుంచే బయలుదేరి అక్కడే ఆగిపోతుంది.

ఈ లోపం సరిదిద్దినా దాని వెనకున్న రూపం మిగిలే ఉంటుంది. కంటైనర్ తానుగా చేయలేని పనిని దాని కోసం చేసిపెట్టే ప్రతి ప్రోగ్రామునూ అనుమానించాలి. లాగ్‌లను సేకరించి బయటి సర్వరుకు పంపే ఏజెంటు, ప్యాకేజీలు దించుకోవడానికి పెట్టిన ప్రాక్సీ, లోపలికి మౌంట్ చేసిన డాకర్ సాకెట్ (డీమన్‌కు ఆజ్ఞలు పంపే ద్వారం), అన్నీ ఆ కోవలోవే. చాలామందికి తట్టని ఇంకొకటి హోస్ట్ తానే. ఇంటర్నల్ నెట్‌వర్క్ అయినా సరే, దాని బ్రిడ్జికి హోస్ట్ వైపు మామూలుగా ఒక ఐపీ చిరునామా ఉంటుంది. హోస్ట్ మీద అన్ని చిరునామాలలోను వినే సేవ ఏదైనా, అంటే 0.0.0.0 మీద తెరిచిన డేటాబేసు గానీ పర్యవేక్షణ సాధనం గానీ, కంటైనర్‌కు ఆ చిరునామా ద్వారా అందుతుంది. డాకర్ ఇటీవలి విడుదలలలో బ్రిడ్జి నెట్‌వర్క్‌కు ఐసొలేటెడ్ అనే గేట్‌వే విధానం చేర్చారు. దాన్ని ఎంచుకుంటే బ్రిడ్జికి హోస్ట్ చిరునామా అసలు ఇవ్వరు. మీ ఖాతాదారుల నెట్‌వర్క్‌లకు అదే సరైనది.

ఇది లినక్స్‌కు మాత్రమే పట్టిన జబ్బు కాదు. 2020లో వచ్చిన మ్యాక్ఓఎస్ బిగ్ సర్‌లో ఆపిల్ సొంత సేవలు కొన్నింటిని మూడో పక్షం ఫైర్‌వాల్‌ల పరిధి నుంచి మినహాయించారు. ఆ సేవల భుజాల మీదుగా డేటాను బయటికి పంపవచ్చని భద్రతా పరిశోధకులు చూపించిన తరువాత 11.2లో ఆ మినహాయింపు జాబితాను తీసివేశారు. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ లేకుండా ఏ కనెక్షన్నూ అనుమతించవద్దు అన్న అమరికను ఆన్ చేసినా, ఇంటర్నెట్ ఉందో లేదో చూసే తనిఖీ ప్యాకెట్లు వీపీఎన్ బయటి నుంచే పోతాయని 2022లో ముల్వాడ్ అనే వీపీఎన్ సంస్థ బయటపెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులకు తానే మినహాయింపు ఇచ్చుకునే అలవాటు పాతది.

ఇప్పుడు ఉమ్మడిగా మిగిలిపోయిన వాటి సంగతి. దీనికి నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన ఉదాహరణ సీవీఈ-2021-38209. కనెక్షన్ ట్రాకింగ్ మాడ్యూలు గరిష్ఠంగా ఎన్ని కనెక్షన్లను గుర్తుంచుకోవాలి అన్నటువంటి పరిమితులు ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ ప్రాక్ ఫైల్ సిస్టమ్ (కెర్నెల్ లోపలి సమాచారాన్ని ఫైళ్ళుగా చూపించేది) కింద సిస్‌సీటీఎల్ (కెర్నెల్ అమరికల) ఫైళ్ళుగా కనిపిస్తాయి. కొత్త నేమ్‌స్పేస్ పుట్టినప్పుడు కెర్నెల్ ఆ పట్టికకు నకలు తీసి, అందులోని ఒక్కో పాయింటరును ఆ నేమ్‌స్పేస్ సొంత వేరియబుల్ వైపు మళ్ళించాలి. కొన్ని అంశాలకు సొంత వేరియబుల్ లేనే లేదు. పట్టిక కొత్తదే, ఫైలు కొత్తదే, అది చూపించే అంకె మాత్రం యంత్రమంతటికీ ఒకటే. ఒక నేమ్‌స్పేస్‌లో రూట్‌గా ఉన్నవాడు ఆ ఫైలులో రాసినది మిగిలిన అన్ని నేమ్‌స్పేస్‌లలోనూ ప్రత్యక్షమయ్యేది. ఇతరుల పరిమితిని తగ్గించి ఇబ్బంది పెట్టడం ఒక సమస్య. కానీ మీ ఆడిటర్ కోణంలో పెద్ద సమస్య ఏమిటంటే, ఒకడు రాసి మరొకడు చదివితే అది ప్యాకెట్ ఒక్కటీ కదలని సందేశ మార్గం. 5.12.2కు ముందరి కెర్నెళ్ళకు ఈ లోపం ఉంది.

దాన్ని సరిదిద్దినవారు రెండు పనులు చేశారు. ఆ ఫైళ్ళను మొదటి నేమ్‌స్పేస్‌లో తప్ప మిగతా చోట్ల చదవడానికి మాత్రమే ఉంచారు. దానితోపాటు, ఏ మాడ్యూలైనా కొత్త నేమ్‌స్పేస్‌లో సిస్‌సీటీఎల్ నమోదు చేసేటప్పుడు రాయదగిన అంశం గ్లోబల్ మెమరీని చూపిస్తున్నదేమో కెర్నెల్ తానే తనిఖీ చేసి, హెచ్చరించి, రాసే హక్కును తీసివేసేలా చేశారు. ఈ రెండోది మొదటిదానికంటె ఎంతో విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే రేపు ఎవరో రాయబోయే మాడ్యూలులోని పొరపాటును కూడా అది పట్టుకుంటుంది. అయినా చదవడం మిగిలే ఉందని మరిచిపోకండి. హోస్ట్ నిర్వాహకుడు ఆ విలువ మారిస్తే కంటైనర్‌కు తెలుస్తుంది. డాకర్ మామూలుగా ప్రాక్ కింది సిస్‌సీటీఎల్ భాగాన్ని రాయడానికి వీలు లేకుండానే మౌంట్ చేస్తుంది కాబట్టి పాత కెర్నెల్ మీద కూడా సాధారణ కంటైనర్ నుంచి ఈ రాత సాగదు. ప్రివిలేజ్డ్ (అన్ని అధికారాలూ ఇచ్చిన) కంటైనర్ నడిపితే మాత్రం ఆ రక్షణ పోతుంది.

చదవడం ఒక్కటే కూడా ఎంత చెప్పగలదో 2017లో డీఎస్ఎన్ అనే కంప్యూటర్ పరిశోధన సదస్సులో వచ్చిన కంటైనర్ లీకుల అధ్యయనం చూపించింది. సీగ్రూప్ (ప్రాసెస్‌ల వనరుల వాటాలను నియంత్రించే కెర్నెల్ వ్యవస్థ) ఫైల్ సిస్టమ్‌లో ఇంటర్‌ఫేస్‌ల ప్రాధాన్యాలను చూపించే ఒక ఫైలు ఉంది. దాన్ని చదివించే కెర్నెల్ ఫంక్షను, చదువుతున్న ప్రాసెస్ ఏ నేమ్‌స్పేస్‌లో ఉందో అడగకుండా, నేరుగా మొదటి నేమ్‌స్పేస్‌లోని ఇంటర్‌ఫేస్‌లన్నింటినీ వరుసగా అచ్చు వేసేది. కంటైనర్ లోపల కూర్చుని హోస్ట్ మీద ఉన్న ప్రతి ఇంటర్‌ఫేస్ పేరూ, అంటే పరోక్షంగా పక్క కంటైనర్లు ఎన్ని ఉన్నాయో కూడా, తెలుసుకోవచ్చు. అలాగే ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్ డైరెక్టరీలోనూ నెట్ అనే ఉపడైరెక్టరీ ఉంటుంది, అది ఆ ప్రాసెస్ నేమ్‌స్పేస్‌లోని టీసీపీ కనెక్షన్లను చూపిస్తుంది. హోస్ట్ పీఐడీ నేమ్‌స్పేస్‌ను (ప్రాసెస్‌ల జాబితా విభజనను) పంచుకున్న కంటైనరు, లేదా హోస్ట్ ప్రాక్‌ను లోపల మౌంట్ చేసుకున్న పర్యవేక్షణ కంటైనరు, నెట్‌వర్క్ విడిగా ఉన్నా ఇతరుల కనెక్షన్ల జాబితా చదవగలవు. నెట్‌వర్క్ విభజన గోప్యత ఇక్కడ మరో విభజన మీద ఆధారపడి ఉంది.

అంకెను చదవనివ్వకపోయినా లెక్క ఉమ్మడిది అయితే చాలు, దాని ప్రభావం నుంచి అంకెను రాబట్టవచ్చు. రెండు వాటాల ఇంటికి ఒకే కరెంటు మీటరు ఉంటే, పక్క వాటా తలుపు మూసి ఉన్నా వాళ్ళు మోటారు ఎప్పుడు వేశారో మీటరు చూసి చెప్పవచ్చు కదా, ఇదీ అంతే. టీసీపీ కనెక్షన్లను మోసపు ప్యాకెట్ల నుంచి కాపాడడానికి 2010లో ఆర్ఎఫ్‌సీ 5961 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది. అనుమానాస్పదమైన ప్యాకెట్ వస్తే ఛాలెంజ్ ఏసీకే అనే ప్రత్యుత్తరం పంపమని, అది దుర్వినియోగం కాకుండా ఒక పరిమితి పెట్టమని అందులో సూచించారు. 2012లో 3.6 కెర్నెల్ దాన్ని అమలు చేస్తూ సెకనుకు 100 అనే పరిమితిని యంత్రం మొత్తానికి ఉమ్మడిగా పెట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు 2016లో దీనిలోని లొసుగును బయటపెట్టారు. దాడిచేసేవాడు సర్వరుతో తన సొంత కనెక్షన్ ఒకటి తెరిచి ఉంచుకుంటాడు. బాధితుడి చిరునామాను దొంగిలించి ఊహించిన ప్యాకెట్ ఒకటి పంపుతాడు. వెంటనే అదే సెకనులో తన కనెక్షన్ మీద 100 ఛాలెంజ్‌లను రప్పించే ప్యాకెట్లు పంపుతాడు. 100 జవాబులు వస్తే ఊహ తప్పు. 99 వస్తే ఒకటి బాధితుడి వైపు వెళ్ళినట్టే, అంటే ఊహ సరైనది. ఇలా ఆ రెండు యంత్రాల మధ్య కనెక్షన్ ఉందో లేదో, దాని సీక్వెన్స్ నంబరు ఎంతో దారి మధ్యలో లేకుండానే కనిపెట్టవచ్చు. ఇది సీవీఈ-2016-5696. 4.7 కెర్నెల్‌లో పరిమితిని పెంచి, యాదృచ్ఛికంగా మారేలా చేశారు. తరువాత ఆ లెక్కను నేమ్‌స్పేస్‌కు ఒకటిగా విడదీసి, డిఫాల్ట్‌గా పరిమితే లేకుండా చేశారు. నేమ్‌స్పేస్‌కు ఒక పరిమితి పెట్టినా సైడ్ ఛానల్ (పరోక్ష జాడల నుంచి రహస్యం రాబట్టే) దాడులకు అవకాశం ఉంటుందని, దాన్ని వాడకపోవడమే మంచిదని ఇప్పటి కెర్నెల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. 2020లో ఇదే పద్ధతిలో ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే సందేశాలు) ప్రత్యుత్తరాల ఉమ్మడి పరిమితిని, సెకనుకు 1000, ఒక్కసారిగా 50, ఆసరా చేసుకుని డీఎన్ఎస్ సర్వర్లు వాడుతున్న పోర్టులను కనిపెట్టే సాడ్ డీఎన్ఎస్ దాడి వచ్చింది.

విభజన కోసం పెట్టిన వస్తువే లీకైన విచిత్రం కూడా ఒకటుంది. ఐపీ ప్యాకెట్లలోని గుర్తింపు అంకెలను లెక్కించడానికి లినక్స్ కౌంటర్ల పట్టిక ఒకటి వాడుతుంది. ఏ గమ్యానికి ఏ కౌంటరు అన్నది హ్యాష్ ద్వారా తేలుతుంది. రెండు నేమ్‌స్పేస్‌లు ఒకే కౌంటరు మీద పడకూడదని ఆ హ్యాష్‌లో నేమ్‌స్పేస్‌కు ప్రత్యేకమైన విలువ ఒకటి కలిపారు. ఆ విలువ ఎక్కడిదంటే, కెర్నెల్ మెమరీలో ఆ నేమ్‌స్పేస్ నిర్మాణం ఉన్న చిరునామా. 2019లో అమిత్ క్లైన్, బెన్నీ పింకస్ ప్యాకెట్లలోని గుర్తింపు అంకెలను గమనిస్తూ వెనక్కి లెక్క కట్టి ఆ చిరునామా బిట్లను రాబట్టవచ్చని చూపించారు. యంత్రాన్ని నెట్‌వర్క్‌లు మారినా గుర్తుపట్టడానికీ, కెర్నెల్ చిరునామాలను దాచే రక్షణను ఛేదించడానికీ అది ఉపయోగపడింది. సీవీఈ-2019-10638, 10639 అన్నవి ఇవే. చిరునామాకు బదులుగా నిజమైన యాదృచ్ఛిక సంఖ్యను పెట్టి దీన్ని సరిచేశారు.

విడిపోయిందని అనుకుని విడిపోనివాటిలో అబ్‌స్ట్రాక్ట్ యూనిక్స్ సాకెట్లు ముఖ్యం. పేరు సున్నా బైటుతో మొదలయ్యే ఈ సాకెట్లకు ఫైల్ సిస్టమ్‌లో ఉనికి ఉండదు, కాబట్టి ఫైలు అనుమతులూ వర్తించవు, మౌంట్ నేమ్‌స్పేస్ కూడా వర్తించదు. వాటి హద్దు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్. కంటైనర్‌ను హోస్ట్ నెట్‌వర్క్ మోడ్‌లో నడిపితే ఆ హద్దు పోయి, హోస్ట్ మీది అలాంటి సాకెట్లన్నీ దానికి కనిపిస్తాయి. కంటైనర్లను నడిపే ప్రోగ్రాము కంటైనర్‌డీ, ఒక్కో కంటైనర్‌ను కనిపెట్టుకుని ఉండే తన షిమ్ ప్రాసెస్‌లతో మాట్లాడడానికి ఇలాంటి సాకెట్నే వాడేది. హోస్ట్ నెట్‌వర్క్‌లో రూట్ యూఐడీతో నడిచే కంటైనర్ దానికి కనెక్టయి హోస్ట్ మీద అధికారం సంపాదించగలిగేది. 2020 చివరలో వచ్చిన సీవీఈ-2020-15257 ఇదే. 1.3.9, 1.4.3 విడుదలలలో మామూలు ఫైల్ సాకెట్లకు మారారు. హోస్ట్ నెట్‌వర్క్ మోడ్ అంటే పనితీరు కోసం పెట్టే చిన్న సర్దుబాటు అనుకునేవారు నాకు తరచూ తారసపడతారు. నా దృష్టిలో అది కంటైనర్ నెట్‌వర్క్ విభజనను పూర్తిగా రద్దు చేయడమే.

లూప్‌బ్యాక్ కూడా ఇలాంటిదే. 127.0.0.1 మీద వినే సేవ బయటికి కనిపించదన్న నమ్మకం మీద ఎన్నో సాధనాలు పాస్‌వర్డ్ లేకుండా నడుస్తున్నాయి. అనేక యంత్రాల మీద కంటైనర్లను నడిపించే కూబర్నెటీస్‌లో, దాని నెట్‌వర్క్ భాగమైన కూబ్-ప్రాక్సీ ఒక కెర్నెల్ అమరికను ఆన్ చేయడం వల్ల, అదే నెట్‌వర్క్ భాగంలో ఉన్న పక్క యంత్రం నోడ్ లూప్‌బ్యాక్ మీది సేవలను తాకగలిగేది. అది సీవీఈ-2020-8558. డాకర్‌లో 28.0.0కు ముందు, 127.0.0.1కు మాత్రమే పబ్లిష్ చేసిన పోర్టును కూడా అదే స్విచ్చి మీదున్న యంత్రాలు చేరగలిగేవి. మీ సర్వరు పంచుకున్న డేటా సెంటర్ నెట్‌వర్క్‌లో ఉంటే ఈ వెర్షన్ సంఖ్యను ముందుగా చూడండి. ఆండ్రాయిడ్‌లో యాప్‌లన్నింటికీ ఒకే లూప్‌బ్యాక్ ఉండడం వల్ల, బ్రౌజరులో నడిచే స్క్రిప్టులు ఫోనులోని సొంత యాప్‌లతో దాని మీదుగా మాట్లాడి వాడుకరులను గుర్తుపట్టేవని, మెటా, యాండెక్స్ ఈ పని చేశాయని 2025 జూన్‌లో పరిశోధకులు బయటపెట్టారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు పొట్టిది: ఉంటుంది, బాగా ఉంటుంది. 2024 మేలో వచ్చిన టనెల్‌విజన్, అంటే సీవీఈ-2024-3661, యంత్రానికి నెట్‌వర్క్ అమరికలు ఇచ్చే డీహెచ్‌సీపీలోని 121వ ఆప్షన్ ద్వారా వీపీఎన్ రూటుకంటె నిర్దిష్టమైన రూటును యంత్రంలోకి చొప్పించి, ట్రాఫిక్‌ను టనెల్ బయటికి మళ్ళిస్తుంది. వీపీఎన్ మాత్రం కనెక్టయినట్టే కనిపిస్తుంది. అసలు నెట్‌వర్క్ కార్డును ఒక నేమ్‌స్పేస్‌లోను, అప్లికేషన్లను వీపీఎన్ ఇంటర్‌ఫేస్ మాత్రమే ఉన్న మరో నేమ్‌స్పేస్‌లోను పెడితే ఆ రూటు అప్లికేషన్ల పట్టికలోకే రాదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఇంటర్‌ఫేస్ తాను పుట్టిన నేమ్‌స్పేస్‌ను గుర్తుంచుకుని, వేరే నేమ్‌స్పేస్‌కు మార్చినా ఎన్‌క్రిప్ట్ చేసిన ప్యాకెట్లను పుట్టిన చోటు నుంచే పంపుతుంది కాబట్టి ఈ అమరిక దానితో తేలిక.

పరీక్షలు ఎలా చేయాలన్నది ఇక మిగిలింది. హోస్ట్ బయటి ఇంటర్‌ఫేస్ మీద ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌తో డీఎన్ఎస్ వాడే 53వ పోర్టును గమనిస్తూ, ప్రతి ఖాతాదారు కంటైనర్ లోపలి నుంచి ఎప్పుడూ వాడని ఒక వింత పేరును అడిగించండి. ఆ పేరు హోస్ట్ నుంచి బయటికి పోతే మీ విభజనకు చిల్లు ఉన్నట్టే. డీఎన్ఎస్ ఎన్‌క్రిప్ట్ అయి పోతుంటే హోస్ట్ రిజాల్వర్ లాగ్‌లో అదే పేరు కోసం వెతకండి. తరువాత కంటైనర్ నుంచి బ్రిడ్జి హోస్ట్ చిరునామా మీద అన్ని పోర్టులూ స్కాన్ చేయండి, ఐపీవీ4తో ఆపకుండా ఐపీవీ6 లింక్-లోకల్ చిరునామా మీద కూడా. రెండు కంటైనర్ల నుంచి ప్రాక్ కింది నెట్ సిస్‌సీటీఎల్ విలువలన్నీ ఫైలులోకి తీసి, హోస్ట్ మీద ఒక్కొక్క విలువ మార్చి, ఏవి లోపల కూడా మారాయో పోల్చండి. దీన్ని చిన్న స్క్రిప్టుగా రాసుకుంటే కెర్నెల్ మారినప్పుడల్లా నడపవచ్చు. ఈ పని అసలు సర్వరు మీద చేయకండి, అదే కెర్నెల్ ఉన్న నకలు యంత్రం మీద చేయండి. ఎస్ఎస్ కమాండ్‌తో యూనిక్స్ సాకెట్లను చూస్తే అబ్‌స్ట్రాక్ట్‌వి పేరు ముందు ఎట్ గుర్తుతో కనిపిస్తాయి. ఖాతాదారు కంటైనర్ లోపల హోస్ట్ వాటి పేరు ఒక్కటి కనిపించినా ఆ కంటైనర్ హోస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. ముడి ప్యాకెట్లు పంపే హక్కు డాకర్ కంటైనర్లకు డిఫాల్ట్‌గా వస్తుంది, మీ ప్రోగ్రాములకు అక్కర లేకపోతే తీసివేయండి. 2020లో సీవీఈ-2020-10749లో ఆ హక్కుతోనే ఒక కంటైనర్ దొంగ ఐపీవీ6 రూటరుగా నటించి పక్కవారి ట్రాఫిక్‌ను తనవైపు తిప్పుకోగలిగింది.

ఇవన్నీ చేసినా ఉమ్మడి కెర్నెల్‌లోని ఉమ్మడి లెక్కలన్నింటినీ మీరు మూయలేరు. ప్రాసెసర్ క్యాష్, నెట్‌వర్క్ కార్డు క్యూలు కూడా ఉమ్మడివే, వాటి సమయ తేడాల నుంచి కూడా సమాచారం రాబట్టవచ్చు. అందువల్ల ఆడిటర్‌కు రాసే జవాబులో ఒక గీత గీయండి. మీ సొంత కోడ్‌లో పొరపాటు జరిగితే ఒక ఖాతాదారు డేటా మరొకరికి చేరకుండా ఆపడానికి నేమ్‌స్పేస్‌లు చాలు, పై పరీక్షల ఫలితాలు దానికి రుజువు. ఖాతాదారులే తమ కోడ్ తెచ్చి మీ సర్వరు మీద నడుపుతున్నట్టయితే మాత్రం అవి చాలవు. ఒక్కొక్కరికి వేరే వర్చువల్ మెషీన్, దానికి వేరే కెర్నెల్, దానికి వేరే డీఎన్ఎస్ రిజాల్వర్ ఇవ్వండి. మీ ప్రశ్నలో ఖాతాదారుల స్క్రిప్టులు అన్న మాట ఒకచోట వచ్చింది. అవి వారు పంపినవా, మీ బృందం రాసినవా అన్నది ముందు తేల్చుకోండి, ఆడిటర్ మీ నుంచి మొదట అడిగేది అదే.